పాకిందా అండీ?

(అమరావతిలో చేసిన స్మారకోపన్యాసానికి అచ్చుపాఠం)



ఈ ఉపన్యాసం ఒక పంతులమ్మగారి జ్ఞాపకార్థం. ధర్మనిధి పెట్టిన ఆమె కుమార్తె, అమ్మ పేరూ ఊరి పేరూ అచ్చులో వద్దన్నారు. నల్లరేగడి ఊళ్ళో ఎలిమెంటరీ బడి పిల్లలకు ముప్పై ఏళ్ళు ఎక్కాలు చెప్పిన మనిషి అంటే చాలన్నారు. నేను ఆమెను ఎప్పుడూ చూడలేదు. చూసిందల్లా ఆమె ఒంట్లోంచి తీసి, మైనంలో పోతపోసి, నాలుగు మైక్రాన్ల మందాన కోసి, గాజుపలక మీద పరిచిన పొర. పెథాలజిస్టు బతుకు అంతే. మనిషి మొహం తెలియదు, కణాల మొహాలు తెలుస్తాయి.

నన్ను పిలవడానికి వచ్చినప్పుడు ఆ కుమార్తె ఒక ప్రశ్న అడిగారు. "డాక్టరుగారూ, ఆ రోజు మేం సూది పరీక్ష చేయించకపోతే అమ్మకు పాకేది కాదా?" ఇరవై ఏళ్ళ నాటి సంగతి. అమ్మను బస్సెక్కించి సూది పరీక్షకు తీసుకెళ్ళింది ఈవిడే. అప్పటినుంచీ ఆ ప్రశ్న ఎవరినీ అడగలేదట. చుట్టాలు మాత్రం అడక్కుండానే జవాబు చెప్పేశారు: "ఊరుకున్నదాన్ని కదిలించారు, పాకింది."

గుంటూరులో గానీ, నరసరావుపేటలో గానీ, ఒంగోలులో గానీ ఈ మాట వినని డాక్టరు ఉండడు. రొమ్ములో గడ్డ అని తేలగానే ఇంటివాళ్ళు అడిగే మొదటి ప్రశ్న బతుకుతుందా అని కాదు, "పాకిందా అండీ?" అని. వెనకటి వాళ్ళు రాచపుండు అనేవారు, ఇప్పుడు అందరూ క్యాన్సర్ అనే అంటున్నారు. పేరు మారింది గానీ ఈ క్రియాపదం మారలేదు. తెలుగులో తీగ పాకుతుంది, పాము పాకుతుంది, మంట పాకుతుంది, పుకారు పాకుతుంది. ఉయ్యాల దిగిన పసిబిడ్డ కూడా పాకుతుంది. ఈ ఆఖరి పాకడాన్ని గుర్తుపెట్టుకోండి, దానితో పనుంది.

ఆ ప్రశ్నకు అవుననో కాదనో ఒక్క ముక్కలో చెప్పి పంపేయవచ్చు. అలా చెబితే నమ్మరని అనుభవం మీద తెలుసు. అసలు పాకేటప్పుడు కణం ఏం చేస్తుందో చూస్తే తప్ప ఆ జవాబుకు బరువు రాదు.

ముందు మాట సంగతి. కణం తన తీరు మార్చుకోవడాన్ని ఇంగ్లీషులో ట్రాన్సిషన్ అంటారు. తెలుగులో సంక్రమణం అంటే చక్కగా సరిపోతుంది, సూర్యుడు మకరంలోకి మారడం సంక్రమణమే కదా. కానీ వాడాలంటే భయం. మన పత్రికల్లో సంక్రమించడం అంటే అంటుకోవడం. రొమ్ము క్యాన్సర్ వచ్చిన ఆడమనిషికి కంచం, మంచం వేరు చేసిన ఇళ్ళు నేనెరుగుదును. అంటురోగం కాదమ్మా అని చెప్పడానికే సగం పూట పోతుంటే, నేనే వేదికెక్కి సంక్రమణం అంటే ఇంకేమైనా ఉందా. అందుకని పరివర్తన అంటాను.

కణం తీరు మారడం అంటే ఏమిటో మీకు పుస్తకం అక్కర్లేదు, పత్తి చేను చాలు. మీరు తీసే పత్తిలో ఒక్కొక్క పోగూ ఒక్కొక్క కణం. గింజ పైపొరలో పక్కపక్కనే సర్దుకుని ఉన్న కణాల్లో కొన్ని, పువ్వు విచ్చే రోజుకు ఉబ్బి పైకి లేస్తాయి. మూడు వారాలు తిరిగేసరికి మూడు సెంటీమీటర్ల దాకా సాగుతాయి, అంటే వెడల్పుకు వెయ్యి రెట్లకు పైగా. పక్కనే పుట్టిన సాటి కణాలు గింజ తొక్కుగా ఉండిపోతాయి. జన్యువులు రెండింటిలోనూ అవే. వాటిలో ఏవి తెరిచారు, ఏవి మూశారు అన్నదే తేడా. అయితే పత్తి కణం గింజను వదిలిపెట్టి పోదు, సాగినది మళ్ళీ పొట్టిగానూ అవదు. మనిషి కణం ఆ రెండూ చేయగలదు. చిక్కంతా అక్కడే ఉంది.

రొమ్ములో పాల నాళాలకు లోపలివైపు పరుచుకున్నది ఉపకళా కణజాలం. ఇంటర్ పుస్తకంలో చదివే ఉంటారు. ఈ కణాలు సాలు తప్పని మనుషులు. పైన ఏది, కింద ఏది అన్న తెలివి వాటికి ఉంటుంది, ఇరుగుపొరుగులను గట్టిగా పట్టుకుని ఉంటాయి, కింద పునాది పొర మీద నిలబడతాయి. వాటి చేతులు కలిపి ఉంచే ముఖ్యమైన ప్రోటీన్ ఈ-క్యాడ్‌హెరిన్. క్యాల్షియం ఉంటేనే ఇది పట్టు నిలుపుకుంటుంది. జపాన్‌లో మసతోషి తకేయిచి ఈ కుటుంబాన్ని బయటపెట్టాడు. మా ల్యాబులో దీనికి ప్రత్యేకంగా రంగు వేస్తే కణం చుట్టూ గోధుమరంగు గీత కనిపిస్తుంది, ఇంటి చుట్టూ ప్రహరీ గీసినట్టు.

రొమ్ము క్యాన్సర్లలో పదీ పదిహేను శాతం లోబ్యులార్ రకం. వీటిలో చాలావాటిలో ఆ గీత ఉండదు, ఈ-క్యాడ్‌హెరిన్ జన్యువే పాడైపోయి ఉంటుంది. కణాలు ఒకదాని వెనక ఒకటి ఒంటి బారుగా నడుస్తాయి. దీనికి పాత పుస్తకాల్లో ఇండియన్ ఫైల్ అని పేరు. చదువుకునే రోజుల్లో మనల్నే అన్నారనుకుని ఉడుక్కున్నాను. అమెరికా ఆదివాసులు అడవిలో బారుగా నడిచే తీరును బట్టి పెట్టారట. అదీ మర్యాద అయిన పేరేం కాదు. తమాషా ఏమిటంటే, చేతులు వదిలేసినా ఈ లోబ్యులార్ కణాలు పూర్తిగా పరివర్తన చెందినవి కావు, మిగతా ఉపకళా గుర్తులు చాలా నిలుపుకునే ఉంటాయి. ఒక్క ప్రోటీన్ పోయినంత మాత్రాన మనిషి మారిపోయాడనుకోకూడదు.

పరివర్తనను మొదట చూసింది క్యాన్సర్‌లో కాదు, కోడిగుడ్డులో. హార్వర్డ్‌లో ఎలిజబెత్ హే 1960ల చివర పిండాలను పరిశీలిస్తూ, బల్లపరుపుగా కూర్చున్న కణాలు పట్టు వదిలి, పొడుగ్గా సాగి, లోపలికి నడిచిపోవడం వర్ణించింది. 1982లో గ్రీన్‌బర్గ్‌తో కలిసి, పెద్ద కణాలను కూడా కొల్లాజెన్ జిగురులో ఉంచితే అలాగే నడక మొదలుపెడతాయని చూపింది. ఈ సభలో ఉన్న ప్రతివారూ తల్లి కడుపులో మూడో వారంలో ఈ పని చేసినవారే. కణాలు వరస తప్పి లోపలికి జారకపోతే కండ లేదు, ఎముక లేదు, నెత్తురు లేదు. ఇందాక పసిబిడ్డ పాకడం గుర్తుపెట్టుకోమన్నది ఇందుకే. క్యాన్సర్ కణం పాకడం కొత్తగా కనిపెట్టిన విద్య కాదు. పుట్టకముందు నేర్చి, పుట్టాక అటక మీద పెట్టిన విద్య. గాయం మానేటప్పుడు చర్మం దాన్ని కొంచెం కిందికి దించి వాడుకుని మళ్ళీ పైన పెట్టేస్తుంది.

అటక తలుపు తీసే జన్యువులకు పండ్ల ఈగల మీద పనిచేసే శాస్త్రజ్ఞులు విచిత్రమైన పేర్లు పెట్టారు. ఒకటి స్నెయిల్, అంటే నత్త. ఇంకొకటి ట్విస్ట్, అంటే మెలిక. జన్యువు చెడితే ఈగ పిండం ఏ ఆకారానికి వస్తుందో ఆ పేరు. 2000లో స్పెయిన్‌లో ఏంజెలా నియెటో పాల్గొన్న మాడ్రిడ్ బృందమూ, బార్సిలోనా బృందమూ విడివిడిగా ఒకే సంగతి తేల్చాయి: స్నెయిల్ వెళ్ళి ఈ-క్యాడ్‌హెరిన్ జన్యువు మీటను ఆపేస్తుంది. 2004లో అమెరికాలో రాబర్ట్ వైన్‌బర్గ్ ల్యాబులో జింగ్ యాంగ్, సెందురై మణి తదితరులు, ఎలుక రొమ్ము క్యాన్సర్ కణాల్లో ట్విస్ట్‌ను అణిచేస్తే ఊపిరితిత్తులకు పాకడం బాగా తగ్గిందని చూపారు. 2008లో మణి బృందం ఇంకో అడుగు వేసింది, పరివర్తన చెందిన రొమ్ము కణాలకు మూలకణాల గుణాలు వస్తాయని.

తలుపు తీయమని కబురు పంపేది ఎవరు? చుట్టుపక్కలవాళ్ళే. గడ్డ పెరిగేకొద్దీ లోపల ఆక్సిజన్ తగ్గుతుంది, చుట్టూ ఉన్న కణజాలం గట్టిపడుతుంది, వాపు కణాలు చేరతాయి. వీటి మధ్య టీజీఎఫ్-బీటా అనే సంకేత ప్రోటీన్ ఉంది. మామూలు నాళంలో ఇది కణాలు అతిగా పెరగకుండా కాపలా కాస్తుంది. గడ్డ ముదిరాక అదే ప్రోటీన్ పరివర్తనకు దారి చూపుతుంది. కంచే చేను మేయడం అంటే ఇదే. కాపలాదారుకు మందు కొట్టి పడుకోబెట్టినా కష్టమే, మేల్కొని ఉన్నా కష్టమే. దీని మీద మందు చేయబోయిన కంపెనీలు తల పట్టుకున్నది ఇక్కడే.

ఇంతవరకు కథ నున్నగా ఉంది. కణం పట్టు వదిలింది, కాళ్ళు వచ్చాయి, నడిచింది, నెత్తుట్లో పడింది, ఇంకోచోట దిగింది. 2009లో రఘు కల్లూరి, వైన్‌బర్గ్ కలిసి రాసిన వ్యాసం ఈ పరివర్తనను మూడు రకాలుగా విడదీసింది: పిండంలోది, గాయానిది, క్యాన్సర్‌ది. కల్లూరి అన్న ఇంటిపేరు మన వీధుల్లో వినిపించేదే కదా అని సంబరపడి మా విద్యార్థుల్లో చాలామంది చేత చదివించాను.

2015 నవంబరులో ఆ నున్నదనం పోయింది. ఒకే నేచర్ పత్రికలో రెండు వ్యాసాలు వచ్చాయి. ఒకటి అదే కల్లూరి బృందానిది. క్లోమ క్యాన్సర్ వచ్చే ఎలుకల్లో స్నెయిల్‌నో ట్విస్ట్‌నో తీసేసినా క్యాన్సర్ పాకింది. రెండోది న్యూయార్క్‌లోని కార్నెల్ వారిది, రొమ్ము క్యాన్సర్ మీద. కణం పరివర్తన చెందగానే ఎరుపు పోయి పచ్చరంగు వచ్చేటట్టు ఎలుకల్ని తయారుచేశారు. ఊపిరితిత్తుల్లో మొలిచిన గడ్డలు చూస్తే ఎక్కువగా ఎర్రవే. అంటే తీరు మార్చుకోనివే పాకాయన్నమాట. అయితే కీమో మందు ఇచ్చాక చూస్తే బతికి బయటపడ్డవాటిలో పచ్చవి ముందున్నాయి. తన పాత బోధనకే ఎదురు ప్రశ్న వేసే ఫలితాన్ని దాచకుండా అచ్చువేసినందుకు కల్లూరి మీద నాకు గౌరవం పెరిగింది. మా ఊళ్ళో పెద్దమనుషులు పంచాయితీలో ఒకసారి అన్న మాట ప్రాణం పోయినా వెనక్కి తీసుకోరు.

దీనికి ఎదురు వాదనలూ వచ్చాయి. రంగు మార్చడానికి ఎంచుకున్న గుర్తు అన్ని రకాల పరివర్తననూ పట్టుకోదన్నారు. సగమే మారినవాటి మాటేమిటన్నారు. ఆ సగం సంగతే అసలు సంగతి అయింది. 2018లో బ్రస్సెల్స్‌లోని బ్లాన్‌పాన్ బృందం ఎలుకల చర్మ, రొమ్ము గడ్డల్లో పరివర్తన ఒక్క గెంతు కాదని, మధ్యలో ఎన్నో మెట్లున్నాయని, మధ్యమెట్ల మీద ఉన్న కణాలే పాకడంలో గట్టివని చూపింది. 2019లో జాన్స్ హాప్కిన్స్‌లో వీణా పద్మనాభన్, ఆండ్రూ ఇవాల్డ్ బృందం రొమ్ము క్యాన్సర్ ఎలుకల్లో ఈ-క్యాడ్‌హెరిన్‌ను పూర్తిగా తీసేసి చూసింది. కణాలు చుట్టూ చొరబడడం పెరిగింది. కానీ దారిలో చచ్చిపోయాయి, దూరాన గడ్డలు తగ్గాయి. చేతులు పూర్తిగా వదిలేసిన కణం స్వేచ్ఛ పొందింది గానీ బతుకు పొందలేదు.

ఇది అర్థం కావాలంటే జనవరిలో మన చేల గట్లకు వెళ్ళాలి. కర్నూలు వైపునుంచి మిరప కోతకు కూలీలు వస్తారు. ఒక్కరొక్కరుగా రారు. ముఠాగా వస్తారు, బియ్యం మూటలు, గిన్నెలు, చంటిపిల్లలతో సహా. ముందు మేస్త్రీ ఉంటాడు, దారీ బేరమూ అతని చేతిలో. పొట్ట చేతపట్టుకుని వచ్చే మనుషుల్ని క్యాన్సర్ కణాలతో పోల్చడం నాకు ఇష్టం లేదు, నడక వరకే చెబుతున్నాను. ఇవాల్డ్ ల్యాబే 2013లో రొమ్ము గడ్డ అంచున ముందు నడిచే కణాలను పట్టుకుంది. వాటికి ప్రత్యేక గుర్తు కెరటిన్-14. మేస్త్రీ కణాలన్నమాట. వెనక ఉన్నవి చేతులు కలుపుకుని నడుస్తాయి. 2014లో బోస్టన్‌లోని మసాచుసెట్స్ జనరల్ ఆసుపత్రి వారు ఎలుకల్లో లెక్క తీస్తే, నెత్తుట్లో ఒంటరిగా తిరిగే కణంకంటే గుంపుకు కొత్త గడ్డ కట్టే శక్తి 23 నుంచి 50 రెట్లు ఎక్కువ. అంతకు ముందు ఏడే అదే ఆసుపత్రిలో రోగుల నెత్తురు పరీక్షించినప్పుడు రెండు తీరుల గుర్తులూ కలిసి ఉన్న కణాలు దొరికాయి. ఒక రోగిలో మందు పనిచేసిన రోజుల్లో నడక గుర్తుల కణాలు తగ్గి, మందు విఫలమైనప్పుడు మళ్ళీ పెరిగాయి.

నెత్తురు నది కాదు, రాళ్ళ మర. 1970లో ఐజయా ఫిడ్లర్ ఎలుకల రక్తంలోకి మెలనోమా కణాలను ఎక్కించి లెక్కపెడితే, ఒక్క రోజు గడిచేసరికి వెయ్యిలో ఒకటి కూడా మిగల్లేదు. మిగిలినది ఎక్కడ పడితే అక్కడ మొలవదు. లండన్ సర్జన్ స్టీఫెన్ పాజెట్ 1889లో రొమ్ము క్యాన్సర్‌తో పోయిన 735 మంది వివరాలు పోగుచేసి, కాలేయంలో 241 మందికి గడ్డలుంటే ప్లీహంలో 17 మందికే ఉన్నాయని చూశాడు. విత్తనం ఒక్కటే చాలదు, నేల కూడా కావాలన్నాడు. చవుడు నేలలో పత్తి వేసినవాడికి ఈ ముక్క ఏ పాజెట్టూ చెప్పక్కర్లేదు.

దిగిన చోట పొడుగు కాళ్ళ కణం ఇల్లు కట్టలేదు. మళ్ళీ కూర్చోవాలి, పక్కవాటి చేతులు పట్టుకోవాలి, విభజన మొదలుపెట్టాలి. 2012 చివర జింగ్ యాంగ్ బృందమూ, నియెటో బృందమూ వేరువేరుగా, ట్విస్ట్ లాంటి మీటలు ఆరిపోతేనే దూరాన గడ్డ పెరుగుతుందని చూపాయి. అందుకే మొదట్లో దీన్ని ట్రాన్స్‌ఫర్మేషన్ అన్నవాళ్ళు తర్వాత పేరు మార్చి ట్రాన్సిషన్ అన్నారు. వెళ్ళిన దారినే తిరిగి రావచ్చు. కొన్ని కణాలు దిగీ దిగనట్టు ఏళ్ళ తరబడి మిన్నకుంటాయి. హార్మోన్ గ్రాహకాలున్న రకంలో పదేళ్ళు దాటాక కూడా వ్యాధి తిరగబెట్టడం ఇందుకే.

ఇప్పుడు కత్తి సంగతి. పందొమ్మిదో శతాబ్దం చివర సర్జన్ హాల్‌స్టెడ్ రొమ్ముతో పాటు ఛాతీ కండరాలు కూడా తీసేసేవాడు. పాకడం అంటే వేరు పాకినట్టు అంచెలంచెలుగా అని ఆయన నమ్మకం, అందుకని ఎంత వెడల్పుగా తవ్వితే అంత మేలు. బెర్నార్డ్ ఫిషర్ 1970ల నుంచి వేలమంది స్త్రీలు పాల్గొన్న పోలికలతో ఆ నమ్మకాన్ని కూల్చాడు. పెద్ద ఆపరేషన్ ప్రాణాన్ని ఎక్కువ కాపాడలేదు, కంటికి కనబడని కణాలు అప్పటికే ప్రయాణంలో ఉన్నాయి. వాటిని వెతికి చంపడానికి నెత్తురులో తిరిగే మందు కావాలి. 1976లో మిలాన్‌లో బొనడొన్నా ఆపరేషన్ తర్వాత మూడు మందులు కలిపి ఇచ్చి ఫలితం చూపాడు. ఆ మూడింటిలో మధ్యది మెథోట్రెక్సేట్. భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలో లెడర్లీ ల్యాబులో నడిపిన ఫోలిక్ ఆమ్ల పరిశోధన నుంచి వచ్చిన మందు అది. 1948లోనే ఆయన పోయారు, రొమ్ము క్యాన్సర్‌కు దాని ఉపయోగం చూడలేదు. మన ఆడవాళ్ళు మాత్రం మద్రాసు అడయార్ ఆసుపత్రికి రైలెక్కి వెళ్ళి ఆ మందు ఎక్కించుకున్నారు, అది మనవాడి చలవ అని తెలియకుండానే. ఇప్పుడు గుంటూరు పెద్దాసుపత్రిలోనే క్యాన్సర్ విభాగం ఉంది, ఇక్కడికి దగ్గర్లో తుళ్ళూరులో 2025లో బసవతారకం ఆసుపత్రికి పునాదిరాయి పడింది.

పరివర్తనను ఆపే మందు ఉందా అని అడుగుతారు. దాని కోసమే అని చేసి, ఆసుపత్రుల్లో మామూలుగా వాడుతున్నది ఇంకా లేదు. సముద్రపు స్పాంజి నుంచి పుట్టిన ఎరిబ్యులిన్‌కు 2010లో అమెరికాలో అనుమతి వచ్చింది, ముదిరిన రొమ్ము క్యాన్సర్‌కు. అది కణాలను వెనక్కి మళ్ళిస్తుందని ల్యాబు పరీక్షల్లో కనిపించింది. వెనక్కి మళ్ళించడం మంచిదేనా అన్నదే నా అనుమానం. దిగి ఇల్లు కట్టుకోవడానికి కావలసింది కూడా ఆ వెనక్కి మళ్ళడమే కదా.

సూది దగ్గరికి వస్తాను. సూది దారిలో కొన్ని కణాలు జారిపడడం జరుగుతుంది. కాదనను, స్లైడ్ల మీద చూశాను. కానీ జారిపడడం వేరు, పాకడం వేరు. ముఠా లేదు, మేస్త్రీ లేడు, నేల సిద్ధంగా లేదు. అలా పడినవాటిలో చాలావరకు రోజుల్లో చచ్చిపోతాయి. సూది పరీక్ష చేయించుకున్నందువల్ల ఆయుష్షు తగ్గిందని అధ్యయనాల్లో తేలలేదు. గడ్డ ఏ రకమో, ఏ మందుకు లొంగుతుందో ఆ సూది చెప్పకపోతే ఎవరూ చెప్పలేరు.

పంతులమ్మగారికి గడ్డ తగిలింది ఒక దసరా సెలవుల్లో, స్నానం చేస్తుంటే. నొప్పి లేదు. నొప్పి లేదు కాబట్టి ఎవరికీ చెప్పలేదు. మొదట్లో చాలా గడ్డలు నొప్పి పెట్టవన్న సంగతి ఎక్కాల పుస్తకంలో లేదు మరి. పసరు కట్టు కట్టించుకున్నారు. పదిహేను నెలలు తిరిగాయి. చీర కట్టుకోవడంలో సాయం చేస్తూ కూతురు చూసింది.

పోయిన నెల ఆ కుమార్తె అనుమతితో పాత మైనపు దిమ్మలు బయటికి తీయించాను. చంకలోంచి తీసిన గ్రంథిని కోసి ఈ-క్యాడ్‌హెరిన్ రంగు వేశాం. గోధుమరంగు గీతలు చక్కగా ఉన్నాయి. రొమ్ము వదిలి చంక దాకా వెళ్ళిన కణాలు అక్కడ మళ్ళీ చేతులు కలుపుకుని, చిన్న చిన్న నాళాల్లాగా గుండ్రంగా సర్దుకుని కూర్చున్నాయి. ఆ తీరున కుదురుకోవడానికి నెలలు పట్టి ఉంటుంది. సూదికీ ఆపరేషన్‌కూ మధ్య ఉన్నది తొమ్మిది రోజులు.

గీతల సంగతి చెబితే ఆవిడ తలూపారు గానీ, నమ్మినట్టు నాకనిపించలేదు. అప్పుడు బీరువాలో ప్లాస్టిక్ కవరులో దాచిన మొదటి రోజు కేసు షీటు తీసుకొచ్చారు. ఇరవై ఏళ్ళుగా ఉంది గానీ ఇంగ్లీషు, అందులోనూ డాక్టరు రాత, ఎవరూ చదవలేదు. నేను చదివి తెలుగులో చెప్పాను. పై వరసలో: కుడి చంకలో రెండు గడ్డలు, గట్టిగా ఉన్నాయి. దాని కింది వరసలో: రేపు సూది పరీక్షకు పంపాలి.

ఆవిడ ఆ రెండు వరసల మీదా వేలు పెట్టి, ఏది పైన ఏది కింద అని నన్ను మళ్ళీ చదవమన్నారు. చదివాను.